మీటరింగ్ సీటీనా, ప్రొటెక్షన్ సీటీనా: 11 కేవీ ప్యానెల్‌కి ఎంచుకోవడం ఎలా

11 కేవీ ప్యానెల్‌కి సీటీలు (పెద్ద కరెంటుని కొలవడానికి వీలైనంత చిన్నదిగా మార్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) ఆర్డర్ పెట్టేటప్పుడు ఎక్కువమంది రాసే లైన్ ఒకటుంది: "75/1 ఆంపియర్, 15 వీఏ, 0.5 క్లాస్, 5పీ20." చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటాయి. కానీ ఆ 15 వీఏ ఏ కోర్‌ది? మీటరు కోర్‌కి ఎఫ్ఎస్ (మీటరుని కాపాడే సెక్యూరిటీ ఫ్యాక్టర్) ఎంత? వైండింగ్ రెసిస్టెన్స్ ఎంత మించకూడదు? ఇవేవీ లేని ఆర్డర్‌కి తయారీదారు తనకు చౌకగా పడేదే పంపుతాడు. టెస్ట్ రిపోర్టులో అది పాసే అవుతుంది. తేడా బయటపడేది మొదటి పెద్ద ఫాల్ట్ వచ్చిన రోజున.

మీటరింగ్ కోర్ కంసాలి త్రాసు లాంటిది, ప్రొటెక్షన్ కోర్ లారీ కాటా లాంటిది. త్రాసుకి గురివింద గింజంత తేడా కూడా తెలియాలి, బస్తా పెడితే మాత్రం పనిచేయనక్కర్లేదు. నిజానికి పనిచేయకూడదు. కాటాకి పది కిలోల తేడా లెక్కలోది కాదు, లారీ ఎక్కినప్పుడు మాత్రం ముల్లు ఆగిపోకూడదు. కోర్ అయస్కాంతంతో నిండిపోయి, ఇక కరెంటు పెరిగినా సెకండరీలో (మీటరు, రిలే వైపు చుట్టులో) సరిగ్గా చూపించలేకపోవడాన్ని సాచురేట్ అవడం అంటారు. రెట్లు అంటే రేటెడ్ కరెంటుకి రెట్లు. సీటీ భాషలో ఎఫ్ఎస్ 5 అంటే "ఐదు రెట్లు దాటేలోపే సాచురేట్ అవ్వు" అని పెట్టిన పైహద్దు. 5పీ20లోని 20 అంటే "20 రెట్ల దాకా సాచురేట్ కాకు" అని పెట్టిన కిందిహద్దు. ఈ రెండు హద్దుల్నీ పైకీ కిందికీ లాగేది బర్డెన్, అంటే సెకండరీకి కట్టిన మీటరు, రిలే, తీగల మొత్తం బరువు, వీఏల్లో. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే పోతుంది.

లెక్కలకి ఒక ఉదాహరణ పట్టుకుందాం. 11 కేవీలో కరెంటు తీసుకునే ఒక చిన్న ఫ్యాక్టరీ. 1000 కేవీఏ, 11/0.433 కేవీ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ 5 శాతం. డిస్కంతో ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండ్ 700 కేవీఏ. 11 కేవీ బస్ దగ్గర ఫాల్ట్ లెవెల్ 250 ఎంవీఏ, అంటే 13.1 కిలో ఆంపియర్లు. బ్రేకర్ ప్యానెల్ రేటింగ్ 25 కిలో ఆంపియర్లు. బిల్లు వేసే డిస్కం సీటీ-పీటీ సెట్ సీలు వేసి వేరుగా ఉంటుంది, దాని జోలికి మనం వెళ్లం. మనం ఎంచుకునేది ప్యానెల్లోని సీటీని. అందులో ఒక కోర్ చెక్ మీటరుకి, ఇంకోటి రిలేకి (ఫాల్ట్‌ని పసిగట్టి బ్రేకర్‌ని ట్రిప్ చేసేది).

1. ఏ కోర్ మీద ఏం వేలాడుతుందో ముందు రాసుకోండి

ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి. ఎడమ వైపు ఎనర్జీ మీటరు, మల్టీఫంక్షన్ మీటరు, అమ్మీటరు, ట్రాన్స్‌డ్యూసర్. కుడి వైపు ఓవర్‌కరెంట్, ఎర్త్ ఫాల్ట్ రిలే. డిఫరెన్షియల్, రిస్ట్రిక్టెడ్ ఎర్త్ ఫాల్ట్ లాంటివి ఉంటే వాటిని రెండు వరసల్లోనూ కలపకండి, వాటికి విడి కోర్ కావాలి.

"ఒకే కోర్ మీద రెండూ పెట్టేయొచ్చుగా?" అని కొనుగోలు విభాగం అడుగుతుంది. 0.5 క్లాసూ 5పీ10ఊ రెండూ తీర్చే కోర్ తయారవుతుంది. లోపలి ఫీడర్ మీద రీడింగ్ కోసం పెట్టే మీటరుకి అది సరిపోతుంది. బిల్లుతో పోల్చి చూసుకునే చెక్ మీటరుకి వద్దు. ఆ కోర్‌కి ఎఫ్ఎస్ పైహద్దు ఉండదు, పైగా మీటరు వైరింగ్‌లో ఎవరైనా పొరపాటు చేస్తే రిలే కూడా గుడ్డిదవుతుంది.

2. రేషియో: రెండు కోర్లకీ ఒకటే ఉండాలని ఎవరూ చెప్పలేదు

మీటరింగ్ కోర్ రేషియోని రోజూ నడిచే లోడ్ నిర్ణయిస్తుంది. 700 కేవీఏ అంటే 36.7 ఆంపియర్లు. 50/1 తీసుకుంటే మామూలు లోడ్ 73 శాతం దగ్గర ఉంటుంది. రేపు డిమాండ్ పూర్తి 1000 కేవీఏకి పెరిగినా 52.5 ఆంపియర్లే. మీటరింగ్ క్లాసులు 120 శాతం దాకా, అంటే 60 ఆంపియర్ల దాకా, ఖచ్చితత్వానికి హామీ ఇస్తాయి కాబట్టి సీటీ మార్చక్కర్లేదు. "ముందుచూపుతో" 200/1 పెట్టారనుకోండి. రాత్రి 50 కేవీఏ మాత్రమే నడిచేటప్పుడు వచ్చే 2.6 ఆంపియర్లు దానికి 1.3 శాతమే. 50/1కి అదే 5.2 శాతం.

ప్రొటెక్షన్ కోర్ లెక్క దీనికి తలకిందులు. ఇక్కడ చూడాల్సింది ఫాల్ట్ కరెంటుని. 50/1 కోర్‌కి 13.1 కిలో ఆంపియర్లంటే 262 రెట్లు, 75/1కి 175 రెట్లు. ఏ 5పీ20 కోరూ దాన్ని మోయలేదు. తీవ్రంగా సాచురేట్ అయిన సీటీ నుంచి రిలేకి చేరేది ముక్కలైన వేవ్‌ఫామ్. డిజిటల్ రిలే అందులోంచి 50 హెర్ట్‌జ్ భాగాన్ని మాత్రమే ఏరుకుంటే అది సెట్టింగ్ కన్నా తక్కువగా కూడా తేలొచ్చు. అందుకని ప్రొటెక్షన్ కోర్‌కి 200/1 తీసుకోండి, 13.1 కిలో ఆంపియర్లు 65.5 రెట్లకి దిగుతాయి. పాత ఎలక్ట్రోమెకానికల్ రిలేల రోజుల్లో ఇంత పెద్ద రేషియో పెడితే సెట్టింగ్ కుదిరేది కాదు, ఓవర్‌కరెంట్ రిలేలో సెట్టింగ్ ప్లగ్ 50 శాతం కన్నా కిందికి వెళ్లేది కాదు. ఇప్పటి రిలేలో 63 ఆంపియర్ల పికప్ (రిలే కదలడం మొదలయ్యే కరెంటు) కావాలంటే 0.315 అని కొడితే చాలు.

1 ఆంపియరా 5 ఆంపియర్లా అన్నది ఇక్కడే తేల్చుకోండి. రిలే, మీటరు కొత్తవైతే 1 ఆంపియరే. కారణం నాలుగో మెట్టులో అంకెలతో వస్తుంది.

3. క్లాస్: చివరనున్న "ఎస్" అక్షరం ఖరీదు

కేంద్ర విద్యుత్ అథారిటీ 2006 మీటర్ల నిబంధనల ప్రకారం 650 వోల్టుల పైన 33 కేవీ దాకా వినియోగదారు మీటరు 0.5ఎస్ లేదా అంతకన్నా మెరుగైనది కావాలి. 33 కేవీ దాటితే 0.2ఎస్. సీటీ క్లాస్ మీటరు క్లాస్ కన్నా తక్కువ ఉండకూడదు. చెక్ మీటరుకీ ఇదే పాటించండి. లేకపోతే డిస్కం రీడింగ్‌కీ మీ రీడింగ్‌కీ తేడా వచ్చినప్పుడు తప్పు ఎవరిదో తేలదు.

0.5కీ 0.5ఎస్‌కీ పూర్తి లోడ్ దగ్గర తేడా లేదు, రెండింటికీ అర శాతమే. తేడా అంతా అడుగున. 0.5 క్లాస్ 20 శాతం కరెంటు దగ్గర 0.75, 5 శాతం దగ్గర 1.5 శాతం తప్పుని ఒప్పుకుంటుంది, 5 కిందికి వెళ్తే హామీయే లేదు. 0.5ఎస్ 20 శాతానికే అర శాతంలోకి వచ్చేస్తుంది, 5 దగ్గర 0.75, 1 శాతం కరెంటు దగ్గర 1.5. రాత్రిళ్లు లోడ్ పడిపోయే రైస్ మిల్లుకి, సీజన్‌లో మాత్రమే నిండా నడిచే కోల్డ్ స్టోరేజీకి ఈ "ఎస్" పనికొస్తుంది. 24 గంటలూ ఒకే లోడ్ లాగే ఫర్నేస్‌కి దాని అవసరం దాదాపు లేదు, నిబంధన ఉంది కాబట్టి తీసుకుంటాం.

ఫేజ్ ఎర్రర్‌ని చిన్నచూపు చూడకండి. అర శాతం క్లాసులో పూర్తి కరెంటు దగ్గర 30 నిమిషాల (అర డిగ్రీ) కోణం దాకా అనుమతి ఉంది. పవర్ ఫ్యాక్టర్ 1 ఉంటే అది యూనిట్లలో కనిపించదు. 0.5కి పడిపోతే ఆ 30 నిమిషాలే యూనిట్లలో ఇంకో ఒకటిన్నర శాతం తప్పు తెస్తాయి.

ప్రొటెక్షన్ క్లాసులో 5పీ అంటే పేరులోని హద్దు దగ్గర మొత్తం తప్పు 5 శాతం, 10పీ అంటే 10 శాతం. రేటెడ్ కరెంటు దగ్గర 5పీకి 1 శాతం, 10పీకి 3 శాతం. ఎర్త్ ఫాల్ట్ రిలే మూడు సీటీల కూడికతో నడుస్తుంటే 10పీ వద్దు. మూడు సీటీల తప్పులు ఒకేలా ఉండవు, ఆ తేడా న్యూట్రల్‌లో ఉత్తుత్తి ఎర్త్ కరెంటుగా కనిపిస్తుంది. ఎర్త్ ఫాల్ట్‌ని కొన్ని ఆంపియర్ల దగ్గరే పట్టాలంటే కేబుల్‌లోని మూడు కోర్లనీ చుట్టే కోర్ బ్యాలెన్స్ సీటీయే సరైన దారి. దాన్ని పెట్టేటప్పుడు కేబుల్ గ్లాండ్ ఎర్త్ వైర్ సీటీ లోంచి వెనక్కి రావాలి. చాలా చోట్ల రాదు.

4. బర్డెన్: ఎక్కువ ఉంటే మంచిదనే అపోహ

నేమ్‌ప్లేట్ మీద 15 వీఏ అని రాసుంటే ధైర్యంగా అనిపిస్తుంది. మీటరింగ్ కోర్ విషయంలో అది ధైర్యం కాదు, నష్టం. క్లాస్ హామీ రేటెడ్ బర్డెన్‌లో 25 శాతం నుంచి 100 శాతం మధ్యలోనే వర్తిస్తుంది. 15 వీఏ కోర్‌కి కింది అంచు 3.75 వీఏ. మీ సర్క్యూట్ అంతకన్నా తక్కువ లాగితే నేమ్‌ప్లేట్ మీది 0.5ఎస్‌కి అర్థం లేదు.

కాబట్టి ముందు అసలు బర్డెన్ కట్టండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకి 7.41 ఓమ్‌లు. మన ఎండలకి, ప్యానెల్ లోపలి వేడికి కలిపి 9 ఓమ్‌లు వేసుకోండి. పోను రాను రెండు వైపులా లెక్కించాలి.

మీటరింగ్ కోర్: మీటరు కంట్రోల్ రూములో 30 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. తీగ 2 × 30 × 9 ÷ 1000 = 0.54 ఓమ్. 1 ఆంపియర్ దగ్గర అది 0.54 వీఏ. ఎనర్జీ మీటరు, మల్టీఫంక్షన్ మీటరు చెరో 0.2. టెర్మినళ్లకి కాస్త కలిపి 1 వీఏ. దీనికి 2.5 వీఏ కోర్ సరిగ్గా సరిపోతుంది, కింది అంచు 0.625.

అదే 5 ఆంపియర్ల సెకండరీ అయితే? 0.54 ఓమ్‌ని 25తో గుణించండి, తీగే 13.5 వీఏ మింగేస్తుంది. రెండో మెట్టులో 1 ఆంపియరే అన్నది ఇందుకే. స్విచ్‌యార్డులో 100 మీటర్ల కేబుల్ లాగాల్సి వస్తే 5 ఆంపియర్ల మాటే ఎత్తకూడదు.

ప్రొటెక్షన్ కోర్: రిలే అదే ప్యానెల్ తలుపు మీద ఉంటుంది, తీగ పది మీటర్లు. 0.18 వీఏ తీగ, 0.2 వీఏ రిలే, టెర్మినళ్లతో కలిపి 0.5 వీఏ. ఎలక్ట్రోమెకానికల్ రిలే ఇంకా ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. 3 వీఏ అని రాసి ఉండే ఆ రిలే ఆ 3 వీఏని సెట్టింగ్ కరెంటు దగ్గర లాగుతుంది. ఎర్త్ ఫాల్ట్ రిలే 20 శాతం ప్లగ్ మీద ఉంటే 0.2 ఆంపియర్ల దగ్గర 3 వీఏ, అంటే 75 ఓమ్‌లు. మంచి సీటీనైనా కూలదోసే బరువది.

5. ఎఫ్ఎస్, ఏఎల్ఎఫ్: నేమ్‌ప్లేట్ మీద ఒకటి, సర్క్యూట్‌లో ఒకటి

ఏఎల్ఎఫ్ (అక్యురసీ లిమిట్ ఫ్యాక్టర్) అంటే 5పీ20లోని ఆ 20. నేమ్‌ప్లేట్ మీది ఎఫ్ఎస్ 5, 5పీ20 లాంటి అంకెలు రేటెడ్ బర్డెన్ కట్టినప్పుడే నిజం. బర్డెన్ తగ్గితే రెండూ పెరుగుతాయి. లెక్క రెండింటికీ ఒకటే: నేమ్‌ప్లేట్ అంకెని, రేటెడ్ బర్డెన్‌కి వైండింగ్ రెసిస్టెన్స్ కలిపిన మొత్తంతో గుణించి, అసలు బర్డెన్‌కి వైండింగ్ రెసిస్టెన్స్ కలిపిన మొత్తంతో భాగించాలి. 1 ఆంపియర్ సీటీలో ఓమ్‌లూ వీఏలూ ఒకే అంకె కాబట్టి నేరుగా కూడొచ్చు. 5 ఆంపియర్లదైతే వైండింగ్ ఓమ్‌లని 25తో గుణించాకే కూడాలి.

రెండు కోర్లకీ వైండింగ్ రెసిస్టెన్స్ 1.5 ఓమ్ అనుకుందాం.

మీటరింగ్, 15 వీఏ, ఎఫ్ఎస్ 5: 5 × (15 + 1.5) ÷ (1 + 1.5) = 33.
మీటరింగ్, 2.5 వీఏ, ఎఫ్ఎస్ 5: 5 × (2.5 + 1.5) ÷ (1 + 1.5) = 8.

ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడిచే మీటర్లు తమ గరిష్ఠ కరెంటుకి 20 రెట్లు అర సెకను తట్టుకోవాలని స్టాండర్డ్ అడుగుతుంది. గరిష్ఠం 1.2 ఆంపియర్ల మీటరుకి అది 24 ఆంపియర్లు. 33 దాన్ని దాటేసింది, 8 దాని దగ్గరికి కూడా రాలేదు. నేమ్‌ప్లేట్ రెండింటి మీదా ఎఫ్ఎస్ 5 అనే ఉంటుంది!

ప్రొటెక్షన్, 200/1, 5 వీఏ, 5పీ20: 20 × (5 + 1.5) ÷ (0.5 + 1.5) = 65.

బస్ ఫాల్ట్ 65.5 రెట్లు, సీటీ మోసేది 65. మొదటి సైకిల్లో డీసీ భాగం వల్ల కాస్త సాచురేట్ అవుతుంది, అయినా రిలే తప్పకుండా ట్రిప్ చేస్తుంది. ఎల్టీ (433 వోల్టుల) వైపు ఫాల్ట్ వస్తే 11 కేవీ వైపు కనిపించేది 52.5 ÷ 0.05 = 1050 ఆంపియర్లు. హైసెట్‌ని (ఆలస్యం లేకుండా ట్రిప్ చేసే రిలే సెట్టింగ్) దీనికి 1.3 రెట్ల దగ్గర, అంటే 1365 ఆంపియర్ల దగ్గర పెడతాం. 200/1లో అది 6.8 ఆంపియర్లే, సీటీకి అది అసలు పనే కాదు.

ఇక్కడ ఇంకో అపోహ ఉంది: "5పీ20 ఉంటే పెద్దది, 5పీ10 ఉంటే చిన్నది." 15 వీఏ 5పీ10 కోర్‌ని 0.5 వీఏ సర్క్యూట్‌కి కడితే, వైండింగ్ అంతే అనుకుంటే, 10 × 16.5 ÷ 2 = 82.5. అంటే ఆ 5 వీఏ 5పీ20 కన్నా అదే పెద్ద కోర్. వీఏనీ ఏఎల్ఎఫ్‌నీ విడివిడిగా పోల్చి కొటేషన్లు తేల్చడం కుదరదు.

వైండింగ్ రెసిస్టెన్స్ అడగకుండా ఈ లెక్క నడవదని గమనించారు కదా. కొటేషన్‌లో దాన్ని 75 డిగ్రీల దగ్గరి విలువగా రాయించుకోండి.

6. పీఎస్ క్లాస్ ఎప్పుడు

హై ఇంపీడెన్స్ డిఫరెన్షియల్, రిస్ట్రిక్టెడ్ ఎర్త్ ఫాల్ట్‌లకి 5పీ పనికిరాదు. కావాల్సింది నీ-పాయింట్ వోల్టేజి (కోర్ సాచురేట్ అవడం మొదలయ్యే వోల్టేజి) ఇంత అని చెప్పే పీఎస్ క్లాస్. అంతర్జాతీయ స్టాండర్డులో దీన్ని పీఎక్స్ అంటారు. మన ట్రాన్స్‌ఫార్మర్ ఎల్టీ వైపు 1333 ఆంపియర్లు, సీటీ 1500/1. బయటి ఫాల్ట్ 1333 ÷ 0.05 = 26.7 కిలో ఆంపియర్లు, సెకండరీలో 17.8. వైండింగ్ 6 ఓమ్‌లు, తీగ రెండు వైపులా కలిపి 0.5 అయితే 17.8 × 6.5 = 116 వోల్టులు. నీ-పాయింట్ దీనికి కనీసం రెట్టింపు, 232 వోల్టులు అడగండి. మూడు ఫేజులకీ న్యూట్రల్‌కీ నాలుగు సీటీలూ ఒకే డిజైన్, ఒకే తయారీదారు కావాలి. లో ఇంపీడెన్స్ డిఫరెన్షియల్‌కి రిలే మాన్యువల్లో ఉన్న ఫార్ములాయే వాడండి, ఇక్కడిది కాదు.

7. షార్ట్ టైమ్ రేటింగ్ దగ్గర బేరం

50 ఆంపియర్ల సీటీకి 25 కిలో ఆంపియర్లు అంటే 500 రెట్లు. 50 ఆంపియర్లకి ఒకే బార్ పెడితే కోర్‌కి దొరికేది 50 ఆంపియర్-టర్నులే. 0.5ఎస్‌కి అది చాలదు, అందుకని ప్రైమరీని చాలా చుట్లు చుడతారు. చుట్లు పెరిగేకొద్దీ ఆ తీగని 25 కిలో ఆంపియర్లకి నిలబెట్టడం కష్టం. రెండు కోర్లకీ ప్రైమరీ ఒకటే కాబట్టి తీగ మందం పెద్ద రేషియోకి సరిపడా ఉండాలి. తయారీదారు చేతులెత్తేస్తే మూడు దారులున్నాయి. వ్యవధి 3 సెకన్లనుంచి 1 సెకనుకి తగ్గించండి. లేదా మీటరింగ్ కోర్‌ని 75/1కి పెంచండి, 0.5ఎస్ ఆ తేడాని మోస్తుంది. లేదా డిస్కం దగ్గర ఫాల్ట్ లెవెల్ రాతపూర్వకంగా తీసుకుని అంత మేరకే అడగండి. కానీ అప్పుడు ఆ ప్యానెల్ మొత్తం రేటింగ్ సీటీ రేటింగ్‌కి దిగిపోయినట్టే. నేమ్‌ప్లేట్ మీద 25 అని ఉంచడం అబద్ధం.

8. ఆర్డర్‌లో ఇలా రాయండి

ఇండోర్, ఎపాక్సీ రెసిన్, వౌండ్ ప్రైమరీ (ప్రైమరీని చుట్లుగా చుట్టిన) సీటీ. 12 కేవీ, ఇన్సులేషన్ 28/75 కేవీ, 25 కిలో ఆంపియర్లు 1 సెకను, డైనమిక్ 62.5 కిలో ఆంపియర్లు పీక్. ఐఎస్ 16227 ప్రకారం.
కోర్ 1: 50/1, 2.5 వీఏ, 0.5ఎస్, ఎఫ్ఎస్ 5కి మించకూడదు.
కోర్ 2: 200/1, 5 వీఏ, 5పీ20, వైండింగ్ రెసిస్టెన్స్ 75 డిగ్రీల దగ్గర 1.5 ఓమ్‌కి మించకూడదు.
రెండు కోర్లకీ మాగ్నటైజింగ్ కర్వ్ జతచేయాలి.

పాత డ్రాయింగుల మీద ఐఎస్ 2705 అని ఉంటుంది. కొత్తది ఐఎస్ 16227, ఆ పాత నంబరు పట్టుకుని కొటేషన్ తిరస్కరించకండి.

9. సరుకు వచ్చాక, బిగించే ముందు

మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్ష), రేషియో, పోలారిటీ అందరూ చేస్తారు. పోలారిటీకి పీ1 పీ2 మధ్య చిన్న బ్యాటరీ తాకించి, ఎస్1 ఎస్2 మీద ముల్లు మీటరు పెడితే తాకించిన క్షణంలో ముల్లు ముందుకి కొట్టాలి. డీసీ తాకించాక కోర్‌లో అయస్కాంతం మిగిలిపోతుంది కాబట్టి ఈ పరీక్ష ముందు చేసి, మాగ్నటైజింగ్ పరీక్ష తరవాత చేయండి.

వదిలేయకూడనిది ఆ మాగ్నటైజింగ్ పరీక్షే. ప్రైమరీ తెరిచి ఉంచి, సెకండరీకి వేరియాక్‌తో ఏసీ వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ కరెంటు రాసుకోండి. వోల్టేజి 10 శాతం పెంచితే కరెంటు 50 శాతం పెరిగే చోటు నీ-పాయింట్. మన సీటీలో మీటరింగ్ కోర్ 5 × (1.5 + 2.5) = 20 వోల్టులకే ఒంగిపోవాలి. ప్రొటెక్షన్ కోర్ 20 × (1.5 + 5) = 130 వోల్టుల దరిదాపులకి వెళ్లాలి. నీ-పాయింట్ ఈ అంకెకి కాస్త కిందే పడుతుంది, కంగారు పడకండి. పరీక్ష ముగించేటప్పుడు వోల్టేజిని సున్నాకి నెమ్మదిగా దించండి, ఒక్కసారిగా స్విచ్ ఆపితే అయస్కాంతం మళ్లీ మిగిలిపోతుంది.

కోర్లు తారుమారైతే పట్టేది ఈ పరీక్ష ఒక్కటే అని చెప్పొచ్చు. రెండు కోర్లదీ ఒకే రేషియో అయితే ప్రైమరీ ఇంజెక్షన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే రేటెడ్ కరెంటు దగ్గర రెండూ మంచి సీటీలే. సెకండరీ ఇంజెక్షన్ అయితే సీటీని దాటేసి నేరుగా రిలేకి కరెంటు ఇస్తుంది, సీటీ తప్పు దానికి తెలిసే వీలే లేదు. రెండూ 75/1 అనుకోండి, హైసెట్ 1365 అంటే సెకండరీలో 18.2 ఆంపియర్లు. రిలే పొరపాటున మీటరింగ్ కోర్ మీద ఉంటే కోర్ పది లోపే చతికిలబడుతుంది. హైసెట్ కదలదు, మీ బ్రేకర్ కన్నా ముందు సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ట్రిప్ అవుతుంది, చుట్టుపక్కల అందరికీ కరెంటు పోతుంది. లోపల చూస్తే రిలే పరీక్షలో "పాస్".

10. వైరింగ్

ప్రతి కోర్‌కీ ఎర్త్ ఒకే చోట, ఒకసారే. ప్యానెల్లో ఒకటి, కంట్రోల్ రూములో ఇంకోటి కలిపితే ఆ రెండు ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటు రిలే లోంచి పోతుంది. వాడని కోర్‌ని ఎస్1 ఎస్2 షార్ట్ చేసి ఎర్త్ చేయండి, తెరిచి వదలకండి. లోడ్ మీద సెకండరీ తెరుచుకుంటే ప్రైమరీ కరెంటంతా కోర్‌ని అయస్కాంతం చేయడానికే పోతుంది, టెర్మినళ్ల మధ్య వేల వోల్టులు లేవొచ్చు. ప్రొటెక్షన్ కోర్ పెద్దది కాబట్టి ప్రమాదం దానిలో ఇంకా ఎక్కువ. మీటరు తీయాలంటే ముందు టెస్ట్ టెర్మినల్ బ్లాకులో షార్టింగ్ లింక్ వేసి, మీటరులో కరెంటు సున్నా అయిందని చూశాకే తీగ విప్పండి. ఈ సర్క్యూట్‌లో ఎక్కడా ఫ్యూజ్ ఉండకూడదు.

ఛార్జ్ చేసి లోడ్ ఎక్కించాక రెండు విషయాలు చూడండి. నాలుగు తీగల మీటరులో ఒక ఫేజ్ సీటీ తిరగబడి ఉంటే, లోడ్ సమానంగా ఉన్నప్పుడు యూనిట్లు మూడో వంతే నమోదవుతాయి. రెండు ఫేజులు ముందుకి, ఒకటి వెనక్కి, మిగిలేది ఒకటి. రిలే వైపు అదే పొరపాటు జరిగితే న్యూట్రల్‌లో ఒక ఫేజ్ కరెంటుకి రెట్టింపు పారుతుంది, లోడ్ కాస్త పెరగ్గానే ఎర్త్ ఫాల్ట్ ట్రిప్ వస్తుంది. ఖాళీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇది కనిపించదు. అందుకే లోడ్ కనీసం పది ఆంపియర్లు దాటాక రిలే డిస్‌ప్లేలో ఎర్త్ కరెంటు చూడండి. సున్నాకి దగ్గరగా ఉంటేనే తలుపు మూయండి.